పేరు కోసం పోరు: పంచముల నుంచి ఆది ఆంధ్రుల దాకా

వలస పాలనలో దక్షిణాదిన తలెత్తిన కుల వ్యతిరేక రాజకీయాలన్నిటినీ బ్రాహ్మణేతరుల జస్టిస్ పార్టీ ఖాతాలో వేయడం పరిపాటి అయినా, అంటరానివారిగా ముద్రపడిన కులాల కదలిక అంతకన్నా పాతది. దాని దారీ వేరు. జస్టిస్ పార్టీ పుట్టడానికి పాతికేళ్ల ముందే, 1891లో, తమిళనాట అయోతీదాస్ ద్రవిడ మహాజన సభను నెలకొల్పారు. నలుగురూ తిట్టుగా వాడే కులం పేరునే శీర్షికగా పెట్టుకొని 1893లో రెట్టమలై శ్రీనివాసన్ 'పరయన్' పత్రికను వెలువరించారు.

తెలుగునాట ఈ కదలికకు ఒక రూపం వచ్చింది 1917 నవంబరులో, బెజవాడలో. అక్కడ మూడు రోజులు జరిగిన సభకు నిర్వాహకులు పెట్టిన పేరు ప్రథమ పంచమ సభ. పంచములంటే నాలుగు వర్ణాల వెలుపల మిగిలిన అయిదవవారని అర్థం. అధ్యక్షుడిగా హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ ఆ మాటనే ఒప్పుకోలేదు. పురాణాల్లో ఎక్కడా పంచమ వర్ణం లేదనీ, ఈ నేలకు తొలి నివాసులు తామేననీ ఆయన వాదించగా, సభ తన పేరును ఆది ఆంధ్ర మహాజన సభగా మార్చుకుంది. ఊళ్లో ఆ సభ జరిగినన్ని రోజులూ కొండమీది కనకదుర్గ గుడి తలుపులు మూసి ఉంచారంటే, అది ఎందరిని కలవరపెట్టిందో అర్థమవుతుంది. వెలివేసినవారినే 'ఆది' అనడంతో, తరువాత వచ్చినవారు ఎవరన్న ప్రశ్న దానంతటదే లేచింది. ఆ ఒక్క మాటకున్న బలం వంద విన్నపపత్రాలకు లేదు.

ఇక జస్టిస్ పార్టీగా రూపుదిద్దుకున్న బ్రాహ్మణేతర ఉద్యమం 1916 డిసెంబరులో ప్రకటించిన ప్రణాళికతో మొదలై 1920 ఎన్నికల్లో మద్రాసు ప్రభుత్వాన్నే చేజిక్కించుకుంది. ఆ ప్రభుత్వానికి నాయకుడైన పానగల్ రాజా హయాంలో, 1921లో, ఉద్యోగాల్లో కులాలవారీ వాటా కల్పించే ఉత్తర్వు వెలువడడం చిన్న సంగతి కాదు. అయితే ఆ పార్టీకి వెన్నుగా నిలిచింది జమీందారులూ భూస్వామ్య కులాలవారూ కావడంతో, పాలేర్ల గోడు దానికి దూరంగానే ఉండిపోయింది. అదే ఏడు మద్రాసులోని బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల సమ్మెలో ఆది ద్రావిడులని పిలుచుకునే తమిళ అంటరాని కులాల కార్మికులు పనికి వెళ్లడం, అది కొట్లాటలకు దారితీయడం, జస్టిస్ నాయకుల్లో కొందరు వారినే తప్పుపట్టడం ఈ దూరాన్ని బట్టబయలు చేశాయి. ఆది ద్రావిడ నాయకుడు ఎం.సి. రాజా 1923లో ఆ పార్టీని విడిచి వెళ్లారు.

అంతకు ముందే, 1922లో, రాజా మద్రాసు శాసనమండలిలో ప్రతిపాదించిన తీర్మానం మేరకు పంచమ, పరయ అన్న మాటలను ప్రభుత్వ దస్త్రాల నుంచి తీసివేసి, తమిళ జిల్లాల్లో ఆది ద్రావిడ, తెలుగు జిల్లాల్లో ఆది ఆంధ్ర అన్న పేర్లు వాడాలని నిర్ణయమైంది. నిజాం రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ అన్న పేరుతో అదే పోరు కొనసాగించారు. 1931 జనగణనలో అక్కడ ఆ పేరుకూ చోటు దొరికింది. పాలకులు తమను ఏ గడిలో రాసుకుంటారన్నది విద్యార్థి వేతనానికీ, బడికీ, బంజరు భూమికీ ముడిపడిన కాలంలో, లెక్కలు రాసేవాడి ముందు నిలబడి తన పేరు తానే చెప్పడం రాజకీయమే.

అయినా ఒకే పేరు కింద అందరూ ఇమడలేదు. ఆది ఆంధ్ర సభల్లో మాలలదే పైచేయిగా ఉండగా, మాదిగలు తాము అరుంధతీయులమంటూ వేరే సంఘాలు పెట్టుకున్నారు.