తూము ఎవరి చేతిలో? అడాజన్ నుంచి సామాజిక మాధ్యమాల ఎంపికపై ఒక పరిశీలన

2006 ఆగస్టులో తాపీ నది పొంగినప్పుడు సూరత్‌లో కుడిగట్టున ఉన్న అడాజన్, రాందేర్ ప్రాంతాలు మునిగిపోయాయి. ఎగువన సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని ఉకాయ్ జలాశయం నిండటంతో గేట్లెత్తి దాదాపు 9 లక్షల క్యూసెక్కుల నీరు వదిలారు. మామూలు ఏడాదుల్లో నగరాన్ని వరద నుంచి కాపాడుతున్నదీ ఆ ఆనకట్టే. నీరు ఒక్కచోట ఆగి, ఒక్కచోటి నిర్ణయంతో కదులుతుంది.

తెలుగువారికి మరో నీటి పద్ధతి తెలుసు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి నిండి అలుగు పారితే కింది చెరువుకు నీరు చేరుతుంది. ఏ ఊరి కట్ట ఆ ఊరిది, ఏ ఊరి తూము ఆ ఊరి నీరటి (నీళ్లు వదిలే మనిషి) చేతిలో ఉంటుంది. సూరత్ మరమగ్గాల మీద పనిచేసే పద్మశాలీ కుటుంబాల్లో చాలావరకు వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల్లో ఇలాంటి చెరువుల కింది ఊళ్ల నుంచి వచ్చినవే. నగరంలోని లింబాయత్ పరిసరాల్లో వాళ్ల సంఖ్య ఎంతగా పెరిగిందంటే నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. సామాజిక మాధ్యమాల్లో కేంద్రీకృతమా, వికేంద్రీకృతమా అనే చర్చను ఈ రెండు నీటి పద్ధతుల వెలుగులో చూడాలన్నది నా ప్రతిపాదన. అడగవలసిన మొదటి ప్రశ్న: తూము ఎవరి చేతిలో ఉంది?

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ఉకాయ్ లాంటివి. 2021 అక్టోబరు 4న మెటా (అప్పటికింకా ఫేస్‌బుక్ సంస్థ) తన నెట్‌వర్కు నిర్వహణ పనుల్లో పొరపాటున ఇచ్చిన ఒక ఆదేశంతో డేటా కేంద్రాల మధ్య సంబంధం తెగిపోయింది. ఆ సంస్థ చిరునామాలు చెప్పే సర్వర్లు కూడా ఇంటర్నెట్ నుంచి కనుమరుగయ్యాయి. ప్రపంచమంతటా ఈ మూడు సేవలూ సుమారు 6 గంటలు ఆగాయి. అడాజన్‌లో ఇంట్లోంచే చీరలమ్మే ఒక గృహిణిని ఊహించుకుందాం. కొత్త డిజైన్ల ఫొటోలు ఆమె వాట్సాప్‌లో పంపుతుంది, ఆర్డర్లు అక్కడే వస్తాయి. ఆ 6 గంటలూ ఆమె దుకాణం మూతపడ్డట్టే. అయితే ఒక తేడా గమనించాలి. వాట్సాప్ పోయినా కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు ఆమె దగ్గరే ఉంటాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆమెను అనుసరించే వేలమంది మాత్రం ఆమె వెంట రారు. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్ సహా 59 యాప్‌లను నిషేధించినప్పుడు తెలుగు వీడియోలు చేసేవాళ్లకు ఈ తేడా ఒక్క రాత్రిలో అర్థమైంది. స్వదేశీ వేదిక అయితే చాలనుకోవడమూ పొరపాటే. తెలుగులోనూ రాసుకునే వీలిచ్చిన ‘కూ’ 2024 జులైలో మూతపడింది.

వికేంద్రీకృత వేదికల్లో ఎక్కువమందికి తెలిసినది మాస్టడాన్. జర్మనీలో ఒయ్‌గెన్ రోచ్కో 2016లో దీన్ని మొదలుపెట్టాడు. ఎవరైనా తమ సర్వరు నడుపుకోవచ్చు. 2018 జనవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ప్రమాణంగా ఆమోదించిన యాక్టివిటీపబ్ ద్వారా ఒక సర్వరులోని వాళ్లు మరో సర్వరులోని వాళ్లతో మాట్లాడుకుంటారు. ఒక చెరువు అలుగు మరో చెరువుకు చేరినట్టే. 2019 నవంబరులో సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేసినప్పుడు భారతీయులు పెద్ద సంఖ్యలో మాస్టడాన్‌కు వెళ్లారు. చాలామంది నిలవలేదు. తమకు కావలసినవాళ్లు అక్కడ లేకపోవడమే దానికి ప్రధాన కారణమని నా అభిప్రాయం.

ఇక నీరటి సంగతి. ఊరు పట్టించుకోకపోతే చెరువు పూడిపోతుంది. తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయడానికి 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టవలసి వచ్చింది. సర్వరూ అంతే. దాని ఖర్చు ఎవరో ఒకరు భరించాలి, బూతులూ బెదిరింపులూ ఎవరో ఒకరు తొలగించాలి. మాస్టడాన్.లోల్ అనే సర్వరును దాని నిర్వాహకుడు ద్వేషపు దాడులు భరించలేక 2023లో మూసేశాడు. మాస్టడాన్‌లో ఒక సర్వరు నుంచి మరోదానికి మారితే అనుచరులను వెంట తీసుకుపోవచ్చు, కానీ పాత రాతలు వెంట రావు. చెడ్డ నీరు వస్తే కాలువ మూసుకునే హక్కు మాత్రం ఇక్కడ ప్రతి చెరువుకూ ఉంది. 2019లో ద్వేషపు రాతలకు పేరుపడ్డ గ్యాబ్ అనే వేదిక మాస్టడాన్ సాఫ్ట్‌వేర్‌లోకి మారినప్పుడు అనేక సర్వర్లు దానితో సంబంధం తెంచుకున్నాయి.

ఫిర్యాదు విషయంలో పెద్ద సంస్థలదే పైచేయి అని ఒప్పుకోవాలి. 2021 ఐటీ నియమాల ప్రకారం 50 లక్షలకు మించి వినియోగదారులున్న మాధ్యమం భారతదేశంలోనే నివసించే ఫిర్యాదుల అధికారిని నియమించాలి. తన ఫొటో దుర్వినియోగమైతే అడాజన్ గృహిణికి కనీసం ఒక చిరునామా ఉంటుంది. విదేశంలో ఒక ఔత్సాహికుడు నడిపే సర్వరు నుంచి ఆ భరోసా దొరకదు.

సూరత్ వస్త్ర పరిశ్రమ నేర్పే పాఠం మరొకటి ఉంది. జౌళి శాఖ భాషలో మరమగ్గాలది ‘వికేంద్రీకృత రంగం’. మగ్గాలు వేల షెడ్లలో చెదిరి ఉన్నాయి నిజమే, కానీ గుడ్డ బేరం నడిచేది రింగ్ రోడ్డు మార్కెట్లలో. మగ్గం ఎవరిదైనా ధర చెప్పేది అక్కడివాళ్లే. 2024 ఫిబ్రవరిలో అందరికీ తలుపులు తెరిచిన బ్లూస్కై అనే వేదిక కూడా వికేంద్రీకృతమనే చెప్పుకుంటుంది. దాని ఖాతాల్లో అత్యధికం మాత్రం ఆ సంస్థ సర్వర్లలోనే ఉన్నాయి. మాస్టడాన్‌లోనూ అతి పెద్ద సర్వరు మాస్టడాన్.సోషలే. పేరును బట్టి కాక ఏ పొరలో అధికారం పోగుపడిందో చూసి తేల్చుకోవాలి.

అన్నిటికన్నా కింది పొర తీగె, అంటే ఇంటర్నెట్ కనెక్షనే. 2015 ఆగస్టు 25న అహ్మదాబాద్‌లో రిజర్వేషన్లు కోరుతూ పాటీదార్లు జరిపిన సభ తర్వాత గుజరాత్‌లో మొబైల్ ఇంటర్నెట్‌ను 144 సెక్షన్ కింద నిలిపివేశారు. ఆ సెప్టెంబరులో గుజరాత్ హైకోర్టు ఆ చర్యను సమర్థించింది. సామాజిక మాధ్యమాలను మాత్రమే ఆపి ఉండవచ్చన్న వాదనను అంగీకరించలేదు. తీగె తెగితే మాస్టడానూ రాదు, వాట్సాపూ రాదు. వికేంద్రీకృత వేదికలను ప్రభుత్వాల నుంచి రక్షణ కవచంగా చూపేవాళ్లు ఈ సంగతి దాటవేయడం నాకు బాధ కలిగిస్తుంది.

కనుక సూరత్ తెలుగు కుటుంబాలకు, సంఘాలకు నా సూచన ఇది. రోజువారీ బేరం జనం ఉన్నచోటే జరగనివ్వండి, కానీ కొనుగోలుదారుల నంబర్లు ప్రతి నెలా వేరే రాసి పెట్టుకోండి. పండుగ ఫొటోలు, సభల రికార్డులు, వలస వచ్చిన పెద్దల జ్ఞాపకాలు మాత్రం ఇన్‌స్టాగ్రామ్‌లోనే వదిలేయకండి. సంఘం సొంత పేరున్న చోట ఉంచి, మరో నకలు కూడా దాచండి. దాన్ని చూసుకునే నీరటిని ముందే నియమించుకోండి.

మిగతాది చట్టం చేయవలసిన పని. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా ఫోన్ కంపెనీ మారినా నంబరు మనదగ్గరే ఉంటోంది. సామాజిక మాధ్యమాల్లోనూ అలాంటి హక్కు కావాలి. వ్యక్తిగత సమాచార రక్షణకు తెచ్చిన 2019 బిల్లులో మన సమాచారాన్ని మరో సంస్థకు తరలించుకునే హక్కు ఉండేది. 2023లో ఆమోదించిన చట్టంలో అది లేదు. దాన్ని మళ్లీ చేర్చాలని పార్లమెంటు సభ్యులను అడగండి.