రెక్కల కొలత, తలుపు వెడల్పు: రాయ్‌పూర్ యుద్ధస్థావరం నుంచి కాంక్రీటు గూళ్ల దాకా

మధ్యభారతంలోని రాయ్‌పూర్, రెండో ప్రపంచయుద్ధపు చివరి నెలల్లో బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌కు స్థావరంగా ఉండేది. 1945 జూలైలో 298వ స్క్వాడ్రన్ తన హాలిఫాక్స్ విమానాలతో ఇక్కడికి చేరింది; గ్లైడర్లను, అంటే ఇంజన్ లేని విమానాలను, తాడు కట్టి లాక్కుపోవడం, పారాచూట్ సైనికులను దించడం ఈ దళం పనులు. సమీపంలోని తిల్దాకు అదే సంవత్సరం సెప్టెంబర్‌లో డకోటా రవాణా విమానాలతో 76వ స్క్వాడ్రన్ వచ్చింది. ఇటువంటి స్థావరాల చరిత్రను దళాల రాకపోకలుగానే చెప్పడం పరిపాటి; కానీ ఆ విమానాలను నిలిపి బాగుచేసే హ్యాంగర్ల నిర్మాణాన్ని చూడకుండా ఆ చరిత్ర పూర్తి కాదు.

హ్యాంగర్ అంటే మధ్యలో ఒక్క స్తంభం కూడా లేని పెద్ద షెడ్డు. స్తంభం ఉంటే రెక్క తగులుతుంది గనుక పైకప్పు బరువంతా పక్క స్తంభాల మీదికే పోవాలి. ఇందుకోసం ఉక్కు కడ్డీలను త్రిభుజాలుగా కలిపి బిగించిన ట్రస్‌లను వాడతారు. ఒక చివర పూర్తిగా తెరుచుకునే తలుపు ఉండటం వల్ల గాలి లోపలికి చొరబడి కప్పును కిందినుంచి పైకి నెడుతుంది. అందుచేత సాధారణ భవనంలో పునాది బరువును మోస్తే, హ్యాంగర్‌లో అది కప్పు ఎగిరిపోకుండా కిందికి పట్టి ఉంచే పని కూడా చేయాలి.

యుద్ధానికి ముందు 1936లో బ్రిటిష్ వాయుమంత్రిత్వశాఖ ఇంజనీరు బెల్‌మన్ రూపొందించిన హ్యాంగర్, ముక్కలుగా తెచ్చి బోల్టులతో బిగించుకోగలిగినది, ఎత్తి మరోచోట వేసుకోగలిగినది. అయితే దాని తలుపు వెడల్పు 88 అడుగులకు కొంచెం తక్కువ. డకోటా రెక్కల విస్తృతి 95 అడుగులు, హాలిఫాక్స్‌ది దాదాపు 100 అడుగులు. అంటే రాయ్‌పూర్‌లో, తిల్దాలో దిగిన ఈ విమానాలేవీ బెల్‌మన్ తలుపులో నేరుగా పట్టేవి కావు. ఈ ఇబ్బందిని తీర్చడానికే 1940 తర్వాత సుమారు 115 అడుగుల వెడల్పు గల టి2 రకం వచ్చింది. ఒక విమానం పొడవు, బరువు ఎంతైనా సర్దుకోవచ్చు, రెక్కల కొలత మాత్రం సర్దుబాటుకు లొంగదు. హ్యాంగర్ రూపకల్పనలో మొదటి గీత తలుపుదే అని ఈ లెక్కలు స్పష్టంగా చూపుతున్నాయి.

రెండో గీత భయానిది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన తర్వాత తూర్పుతీరపు స్థావరాలకు ఆకాశం నుంచి ముప్పు ఊహ కాదని తేలింది. విమానాలన్నిటినీ ఒకే షెడ్డులో పెడితే ఒక్క బాంబుతో అన్నీ పోతాయి గనుక, యుద్ధకాలంలో వాటిని దూరదూరంగా ఆరుబయట నిలపడం, హ్యాంగర్‌ను మరమ్మతుకే ఉంచడం సాధారణ నియమమైంది. మధ్యభారతపు మండుటెండలోనూ, వర్షాల్లోనూ ఆ ఆరుబయట పనిచేసిన మెకానిక్కుల శ్రమ ఈ చరిత్రలో తగినంత చోటు పొందలేదు.

ఆరుబయట నిలపడం కూడా చాలదని 1965 సెప్టెంబర్ 7న కలైకుండ స్థావరం మీద పాకిస్తాన్ దాడి, 1967 జూన్ 5న ఈజిప్టు స్థావరాల మీద ఇజ్రాయెల్ దాడి రుజువు చేశాయి. రెండుచోట్లా నేలమీద ఉన్న విమానాలే కాలిపోయాయి. అందువల్ల ఒక్కో విమానానికి ఒక్కో గూడు అనదగిన కాంక్రీటు కమాను కట్టడాలు, పైన మట్టి కప్పి, ముందు మందపాటి తలుపు పెట్టి, లోకమంతటా వ్యాపించాయి. శిక్షణకు వాడే స్థావరాల్లో, ఉదాహరణకు హైదరాబాద్ సమీపాన 1971లో శిక్షణ మొదలుపెట్టిన దుండిగల్ వైమానిక అకాడమీలో, యుద్ధపు ముప్పు కంటే రోజువారీ నిర్వహణ ముఖ్యం గనుక పెద్ద షెడ్డులకే అవసరం ఎక్కువ.

ఆ కాంక్రీటు గూళ్లకూ బెల్‌మన్‌కు వచ్చిన ఇబ్బందే ఎదురైంది. మిగ్-21 రెక్కల విస్తృతి 7.15 మీటర్లు, సుఖోయ్-30 ఎంకెఐది 14.7 మీటర్లు, మొదటిదాన్ని దృష్టిలో పెట్టుకుని పోసిన కమానులో రెండోది పట్టదు. బోల్టులతో బిగించిన ఉక్కు షెడ్డును విప్పి మరోచోట వేసుకోవచ్చు గానీ, మట్టి కప్పిన కాంక్రీటును అలా చేయడం సాధ్యం కాదు. అందుకే కొత్త విమానంతో పాటు వైమానికదళం కొత్త గూళ్లు కూడా కట్టించుకోవలసి వస్తున్నది.