ఫీజు బకాయి ప్రభుత్వానిది, సర్టిఫికెట్లు మనవి
ఇంటర్, ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ చదివే ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి ఉంది. కేంద్ర నిబంధనల ప్రకారం కుటుంబ వార్షికాదాయం రూ.2.5 లక్షలు దాటకూడదు. తెలంగాణలో ఈపాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి పోర్టల్ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్‌తో లింకైన బ్యాంకు ఖాతా ముందే సిద్ధం చేసుకోండి.

ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. రాష్ట్రం తన వాటా ఇచ్చాకే కేంద్రం తన వాటాను విద్యార్థి ఖాతాలో వేస్తుంది. రాష్ట్రం జాప్యం చేస్తే రెండూ ఆగుతాయి. ఆ బకాయి సాకుతో డిగ్రీ కాలేజీలు టీసీ, మెమోలు ఆపితే ఊరుకోవద్దని కోరుతున్నాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది. దాన్ని ప్రస్తావిస్తూ ప్రిన్సిపాల్‌కు, యూనివర్సిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ముట్టినట్టు రసీదు తీసుకోండి.