రెండోసారి కాలిన క్లచ్

పాత షెవ్రొలే పికప్ ఒకటి షెడ్డుకు వచ్చిందనుకుందాం. ఒకటో గేరులో కదులుతుంది, మూడో గేరులోనూ పోతుంది. రెండు, నాలుగు పడవు. వెనక్కి అసలే రాదు. అమెరికాలో ఆటోమేటిక్ గేర్‌బాక్సుల పని చేసే పాతకాపులకు ఇంత చెబితే చాలు, పానా ముట్టకుండానే రోగం చెప్పేస్తారు. లోపల సన్ గేరును పట్టుకుని ఉండే పల్చటి ఉక్కు డిప్ప, వాళ్ల మాటలో సన్ షెల్, పళ్లు అరిగి జారిపోతోంది. రెండుకీ నాలుగుకీ రివర్సుకీ ఆ డిప్పే ఆధారం. ఒకటికీ మూడుకీ దానితో పనిలేదు. జనరల్ మోటార్స్ వారి 4ఎల్60ఈ గేర్‌బాక్సులో ఇది ఎంత మామూలు జబ్బంటే, మరింత గట్టి డిప్పలు తయారుచేసి అమ్ముకునే కంపెనీలు పుట్టుకొచ్చాయి.

ఇంత సులువుగా పట్టుబడే జబ్బులు కొన్నే. మెకానిక్కు పరువు తీసేది వేరే రకం: పెట్టె దించి, విప్పి, కొత్త ప్లేట్లు వేసి పంపిన బండి కొన్నాళ్లకే అదే రోగంతో మళ్లీ గుమ్మంలో నిలబడటం. ఈ వృత్తి తన విద్యలో సగం అలా తిరిగొచ్చిన బండ్ల దగ్గరే నేర్చుకుంది.

కథ 1939 చివర్లో మొదలవుతుంది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో జనరల్ మోటార్స్ హైడ్రా-మాటిక్‌ను పెట్టింది. ఎర్ల్ థామ్సన్ నాయకత్వంలోని ఇంజనీర్లు రూపొందించిన ఈ నాలుగు గేర్ల పెట్టెలో క్లచ్ పెడల్ లేదు. ఇంజను బలాన్ని ఆయిల్ ద్వారా చక్రాలకు అందించే ఏర్పాటు మాత్రం పాతదే. జర్మనీలో హెర్మన్ ఫోటింగర్ దాన్ని 1905 ప్రాంతంలో ఓడల కోసం కనిపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో హైడ్రా-మాటిక్ ఎం5 స్టువర్ట్ ట్యాంకుల్లోకీ ఎక్కింది. ఆటోమేటిక్ పెట్టె పికప్‌లలోకి మాత్రం ఆలస్యంగా వచ్చింది: ఫోర్డ్ ఎఫ్-100కు 1953లో, షెవ్రొలే పికప్‌కు 1954లో. మధ్యలో, 1953 ఆగస్టు 12న, మిషిగన్ రాష్ట్రంలోని లివోనియాలో హైడ్రా-మాటిక్ ఫ్యాక్టరీ కాలి బూడిదైంది. కొన్నాళ్లపాటు కాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లు సోదర కంపెనీ బ్యూక్ వారి డైనాఫ్లో పెట్టెలతో బయటికి రావలసి వచ్చింది.

అప్పటికి ఈ పెట్టెను విప్పి మళ్లీ బిగించగలవాళ్లు అరుదు. మామూలు గేర్‌బాక్సులో చూపుకు గేర్లు కనిపిస్తాయి, చేతికి లోపం తగులుతుంది. ఇందులో ఆయిలే మెదడు. వాల్వ్ బాడీ అనే లోహపు దిమ్మలో సన్నటి దారుల చిక్కుముడి, వాటిలో అటూ ఇటూ జారే చిన్న వాల్వులు. ఏ క్షణాన ఏ గేరు పడాలో అవే నిర్ణయిస్తాయి. తెలిసిన విద్యను పంచుకోవడానికి 1954లో ఆ మెకానిక్కులు సంఘం పెట్టుకున్నారు. ఆట్రా పేరుతో అది ఇప్పటికీ నడుస్తోంది.

వాళ్లు తొలినాళ్లలో నేర్చుకున్న పాఠాల్లో నాకు బాగా నచ్చేది వాక్యూమ్ మాడ్యులేటర్ కథ. 1964లో వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 400, 1969లో వచ్చిన 350 పెట్టెలను పికప్‌లలో విరివిగా వాడారు. ఇంజను ఎంత బరువు లాగుతోందో ఆ పెట్టెలకు తెలియాలంటే ఇంజను నుంచి ఒక సన్నటి గొట్టం, దాని చివర రేకు డబ్బీ, లోపల రబ్బరు పొర. గొట్టం పగిలితే గేర్లు ఆలస్యంగా, దబ్‌మని పడతాయి. పొర చిరిగితే కథ ఇంకా విచిత్రం. ఆయిల్ తగ్గిపోతూ ఉంటుంది, కింద ఒక్క చుక్కా కనపడదు, సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ. గేర్‌బాక్సు ఆయిల్‌ను ఇంజను పీల్చి తాగేస్తోందన్నమాట. ఇది తెలియనివాడు సీళ్లన్నీ మార్చి, పెట్టె రెండుసార్లు దించి, చివరికి ఇంజనుకు రింగులు పోయాయని చెబుతాడు. తెలిసినవాడు గొట్టం లాగి, తడి ఉందా అని చూస్తాడు.

ఆయిల్ కూడా చిన్న విషయం కాదు. ఎర్రరంగు గేర్‌బాక్సు ఆయిల్‌లో క్లచ్ ప్లేట్లు మెత్తగా పట్టుకోవడానికి కలిపిన పదార్థం చాలాకాలం స్పెర్మ్ తిమింగలం నూనె. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చాక, ఆయిల్ కంపెనీలు ప్రత్యామ్నాయాలు వెతుక్కోక తప్పలేదు.

తిరిగొచ్చే బండ్ల చరిత్రలో పెద్ద అధ్యాయం మాత్రం 1982లో మొదలైంది. పెట్రోలు పొదుపు కోసం జనరల్ మోటార్స్ నాలుగు గేర్ల 700ఆర్4ను తెచ్చింది. ఇందులో వాక్యూమ్ గొట్టం లేదు; బదులు యాక్సిలరేటర్ దగ్గరినుంచి పెట్టెలోకి టీవీ కేబుల్ అనే తీగ ఉంటుంది. చూడటానికి అది మోపెడ్ తీగలాగే అమాయకంగా ఉంటుంది. కానీ లోపలి ఆయిల్ ఒత్తిడి దాని చేతిలోనే ఉంది. తీగ వదులైతే ఒత్తిడి చాలదు. క్లచ్ ప్లేట్లు గట్టిగా అతుక్కోక జారుతూ వేడెక్కి మాడిపోతాయి. ముందుగా పోయేది మూడు, నాలుగు గేర్ల క్లచ్. అప్పుడు పెట్టె దించి కొత్త ప్లేట్లు వేసి, తీగను ఉన్నట్టే తగిలిస్తే ఏమవుతుంది? కొత్త ప్లేట్లూ అదే దారి పడతాయి. కొత్త కార్బురేటర్ పెట్టుకున్న యజమానులు తీగ లాగే కోణం మారిందని గమనించక ఇలాగే వరుసగా పెట్టెలు పోగొట్టుకున్నారు. చూడవలసింది ప్లేటును కాదు, తీగను. ఆయిల్ ఒత్తిడి చూసే గేజి తగిలిస్తే కొద్ది నిమిషాల్లో తేలే విషయం.

అన్ని తప్పులూ బయటివే అనడం కూడా అన్యాయమే. కార్లలో వేసిన టీహెచ్ఎమ్ 200 గేర్‌బాక్సు విషయంలో ఫిర్యాదులు ఎంత దూరం వెళ్లాయంటే, 1983లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం జనరల్ మోటార్స్ వాటిని మధ్యవర్తుల తీర్పుకు వదలవలసి వచ్చింది.

ఇక రేడియేటర్. గేర్‌బాక్సు ఆయిల్ చల్లబడేది అక్కడే, ఇంజను నీళ్ల తొట్టిలోనే అమర్చిన చిన్న కూలర్‌లో. పాత పెట్టె పోయినప్పుడు ఊడిన లోహపు రజను కూలర్‌లోకి వెళ్లి దాక్కుంటుంది. కూలర్ కడగకుండా కొత్త పెట్టె తగిలించడం చెదలున్న గోడకు కొత్త ద్వారబంధం బిగించడమే. ఇంజను బలాన్ని ఆయిల్ ద్వారా పెట్టెకు అందించే టార్క్ కన్వర్టర్ ఇంకా మొండిది: వెల్డింగ్ చేసి మూసిన ఉక్కు డిప్ప కాబట్టి లేత్ మీద కోసి తెరిస్తే తప్ప శుభ్రపడదు. కూలర్ చిల్లుపడితే మరీ ఘోరం. నీళ్లూ గ్లైకాలూ ఆయిల్‌లో కలిసి, ఎర్రటి ఆయిల్ గులాబీరంగు మజ్జిగలా మారుతుంది. క్లచ్ ప్లేట్ల మీది పూతను అతికించిన జిగురు కరిగి పూత ఊడిపోతుంది. 2005 నుంచి 2010 దాకా వచ్చిన కొన్ని నిస్సాన్ ఫ్రాంటియర్ పికప్‌లలో సరిగ్గా ఇదే జరిగి, యజమానులు కోర్టుకెక్కారు. ఆ రేడియేటర్లకు కంపెనీ వారంటీ పొడిగించింది.

ఎలక్ట్రానిక్స్ వచ్చాక తీగ పోయింది, కొత్త భ్రమలు వచ్చాయి. 700ఆర్4కు 4ఎల్60 అని పేరు మారి, 1993లో దానికి కంప్యూటర్ తగిలింది. 1996 నుంచి అమెరికా కార్లూ చిన్న ట్రక్కులూ తప్పులను కోడ్‌ల రూపంలో చెప్పాలని నియమం. వాటిలో పీ1870 అనే కోడ్ ఎందరినో తప్పుదారి పట్టించింది. అది గేర్‌బాక్సు జారుతోందంటుంది. జారుతున్న మాట నిజమే. కారణం మాత్రం చాలాసార్లు ప్లేట్లలో కాదు, వాల్వ్ బాడీలోని ఒక బోరులో ఉంటుంది: ఎడతెగక కదిలే చిన్న వాల్వు మెత్తటి అల్యూమినియం బోరును అరగదీసి ఆయిల్ ఒత్తిడిని కారిపోనిస్తుంది. బోరును సాపు చేసి లావు వాల్వు వేయాలి. ప్లేట్లు మార్చి పాత వాల్వ్ బాడీనే బిగిస్తే కోడ్ మళ్లీ వెలుగుతుంది.

డాడ్జ్ రామ్ డీజిల్ పికప్‌లలో ఇంకో తమాషా. హైవేమీద టార్క్ కన్వర్టర్ లాక్ పడుతూ వదులుతూ బండి జెర్కులిస్తుంటే, చాలామంది గేర్‌బాక్సునే అనుమానించారు. దోషి ఒక్కోసారి ఆల్టర్నేటర్. దానిలోని డయోడ్ చెడి కరెంటులో అలజడి పుడితే, యాక్సిలరేటర్ సెన్సర్ చెప్పే సంకేతం చెదిరి కంప్యూటర్ తికమకపడుతుంది.

కొందరు మెకానిక్కులకు యజమానుల అజ్ఞానమే లాభసాటి. గొట్టం మారిస్తే పోయే జబ్బుకు పెట్టె మొత్తం దించి బిల్లు వేయడం అమెరికాలో ఎంత మామూలైందంటే, చట్టం జోక్యం చేసుకుంది. 1971 చట్టంతో కాలిఫోర్నియాలో వాహన మరమ్మతులపై ఒక ప్రభుత్వ బ్యూరో ఏర్పడింది. ఆ రాష్ట్ర నిబంధనల ప్రకారం ఆటోమేటిక్ గేర్‌బాక్సును బండి నుంచి దించేముందు పరీక్షించి, బయటి భాగం మార్చినా సర్దినా లోపం పోతుందేమో తేల్చాలి. ఓవర్‌హాల్ చేశామని చెప్పాలంటే లోపల ఏవేవి కొత్తవి వేయాలో కూడా అందులో రాసి ఉంది. ఫ్యాక్టరీల్లో బాగుచేసి పెట్టెలు అమ్మే కంపెనీలదీ ఇప్పుడు ఇదే జాగ్రత్త: కూలర్ కడిగినట్టో, మార్చినట్టో బిల్లు చూపించకపోతే వాటిలో చాలా కంపెనీలు వారంటీ ఇవ్వవు.