అమెరికా యూదుల వేసవి శిబిరాలు: ఒక చారిత్రక పరిశీలన

వరంగల్ ప్రాంతం నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు మీకు తెలిసే ఉంటాయి. అక్కడ పెరిగే పిల్లలు తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో బదులివ్వడం మామూలే. నూరేళ్ళ క్రితం ఇదే స్థితి అమెరికాలోని యూదులకు ఎదురైంది. వారు వెతుక్కున్న మార్గాలలో వేసవి శిబిరం ఒకటి. దాని లక్ష్యం ఎలా మారిందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

తొలి దశ: ఆరోగ్యం

1881-1924 మధ్య తూర్పు ఐరోపా నుంచి 20 లక్షలకు పైగా యూదులు అమెరికా చేరారు. న్యూయార్క్‌లో చాలామంది గాలి, వెలుతురు చాలని ఇరుకు గదుల్లో బతికారు. దాతృత్వ సంస్థలు వారి పిల్లలను వేసవిలో పల్లెలకు పంపాయి. 1902లో కోల్డ్ స్ప్రింగ్ వద్ద మొదలైన సర్‌ప్రైజ్ లేక్ శిబిరం ఇందుకు ఉదాహరణ. కడుపునిండా తిండి, ఈత, ఆటలతోపాటు వలస పిల్లలను అమెరికన్లుగా తీర్చిదిద్దడం కూడా నాటి ఉద్దేశం.

రెండవ దశ: వారసత్వం

1923లో శ్రామిక యూదులు నెలకొల్పిన కిండర్‌లాండ్ యిడ్డిష్ భాషకు చోటిచ్చింది. 1941లో మస్సాద్, 1947లో విస్కాన్సిన్‌లో రామా శిబిరం హీబ్రూను చేపట్టాయి. నాజీల మారణహోమంలో 60 లక్షల మంది యూదులు హతమయ్యారు. ఐరోపాలోని ప్రాచీన విద్యాకేంద్రాలు నశించాయి. ఆ వారసత్వాన్ని ఇక తామే నిలపాలన్న భావన అమెరికా యూదుల్లో బలపడింది. ఇక్కడ ఒక మార్పు గమనించండి: యూదు పిల్లలను అమెరికన్లుగా చేయడానికి పుట్టిన శిబిరం, అమెరికన్ పిల్లలను యూదులుగా నిలిపే సాధనమైంది.

శిబిర జీవితం

మస్సాద్‌లో బేస్‌బాల్ కూడా హీబ్రూలోనే ఆడేవారు; అందుకు కొత్త మాటలు కల్పించుకోవలసి వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఆటలు ఆగిపోతాయి. పిల్లలు స్నానం చేసి, తెల్లని బట్టలు కట్టుకుని, దీపాలు వెలిగించి, పాటలతో విశ్రాంతి దినాన్ని ఆహ్వానిస్తారు. జెరూసలేం దేవాలయ విధ్వంసాన్ని తలచుకునే ఉపవాస దినం బడి సెలవుల్లో వస్తుంది. అందుకే ఎందరో పిల్లలు దాన్ని శిబిరంలోనే ఎరిగారు.

ఫలితం

నేడు ఎక్కువ శిబిరాల్లో సంభాషణ ఇంగ్లీషులోనే సాగుతుంది. అయినా భోజనశాలను హీబ్రూ పేరుతోనే పిలుస్తారు. భాష పూర్తిగా నిలవలేదు; తాము యూదులమన్న భావన నిలిచింది. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి వంటి ప్రయత్నాలను అంచనా వేసేటప్పుడు కూడా ఈ రెంటినీ విడివిడిగా చూడాలి. వారానికోసారి జరిగే తరగతి భాష నేర్పుతుంది. ఆ భాషలో అన్నం అడిగి, ఆడి, అలిగే అవకాశం మాత్రం కలిసి బతికినప్పుడే దొరుకుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

యూదుల వేసవి శిబిరాల లక్ష్యం మారడానికి గల కారణాలను వివరించండి.