ఉడ్‌స్టాక్ (డాక్యుమెంటరీ చిత్రం)

ఉడ్‌స్టాక్: 1969 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని బెతెల్ వద్ద, ఒక పాడి రైతు పొలంలో జరిగిన రాక్ సంగీతోత్సవంపై తీసిన అమెరికన్ డాక్యుమెంటరీ. దర్శకుడు మైకేల్ వాడ్లీ. 1970 మార్చిలో విడుదలై, ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ అందుకుంది.

విశిష్టత: తెరను రెండు మూడు భాగాలుగా చేసి వేదికనూ జనాన్నీ ఒకేసారి చూపడం దీని ప్రత్యేకత. సంతానా బృందంలోని కుర్ర డ్రమ్మర్ మైకేల్ ష్రీవ్ సోలో వాదన అపూర్వమైన దృశ్యం. తాత్కాలిక మరుగుదొడ్లు శుభ్రం చేసే కార్మికుడు, తన ఒక కొడుకు ఈ ఉత్సవంలో, మరో కొడుకు వియత్నాం యుద్ధంలో ఉన్నాడని చెప్పే సన్నివేశం ఆనాటి అమెరికాను కళ్ళకు కడుతుంది.

లోపాలు: కచేరీల అసలు వరుసను చిత్రం పాటించలేదు. తెర విభజన కొన్నిచోట్ల వాద్యకారుల వేళ్ళపై చూపు నిలవనివ్వదు. వానలో సితార్ వాయించిన రవిశంకర్ ఇందులో కనిపించరు. తొలి విడుదలలో జానిస్ జోప్లిన్ గానమూ లేదు; 1994 నాటి విస్తృత ప్రతిలో చేర్చారు.

ఉత్సవ చరిత్రకు దీన్నొక్కదాన్నే ఆధారం చేసుకోలేం. ఆ తరం సంగీతావేశానికి మాత్రం ఇది అమూల్య సాక్ష్యం. 1996లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చోటు పొందింది.