గురువు రాని ఆదివారం: దివ్యసంస్కారాలు అందనప్పుడు విశ్వాసి ఏం చేయాలి?

గురువు నెలకొక్కసారి మాత్రమే రాగల ఉపగ్రామాలు మన మేత్రాసనాల్లో ఇంకా ఉన్నాయి. ఇంటిల్లిపాది కడుపు నింపడానికి గల్ఫ్ వెళ్ళి, ఆలయానికి వెళ్ళే సెలవు దొరకని మన ఆడపడుచులు ఉన్నారు. సౌదీ అరేబియాలోనైతే వెళ్ళడానికి బహిరంగంగా ఆలయమే లేదు. మంచం దిగలేని పెద్దలు ప్రతి విచారణలోనూ ఉన్నారు. వీరందరిదీ ఒకటే బాధ: “పూజ లేదు, పాపసంకీర్తనం లేదు, సత్ప్రసాదం లేదు. దేవుడు మమ్మల్ని లెక్కలో ఉంచుకున్నాడా?”

ఈ ప్రశ్నకు శ్రీసభ చరిత్రలోనూ, బోధలోనూ స్పష్టమైన జవాబు ఉంది.

జపాను చెప్పే సాక్ష్యం

1549లో పునీత ఫ్రాన్సిస్ శౌరివారు జపానులోని కగోషిమాలో అడుగుపెట్టారు. 1614లో అక్కడి పాలకులు క్రైస్తవాన్ని దేశమంతటా నిషేధించి, గురువులను వెళ్ళగొట్టారు. 1644లో చివరి గురువు కూడా వేదసాక్షి అయ్యాడు. ఆ తరువాత రెండు వందల ఏళ్ళకు పైగా అక్కడ బలిపూజ లేదు. నాగసాకిలో ఏటా క్రీస్తు, మరియమాతల ప్రతిమలను కాలితో తొక్కించి, తొక్కని వారిని పట్టుకునేవారు.

అయినా విశ్వాసం ఆరిపోలేదు. గ్రామాల్లో సామాన్యులే బాధ్యతలు పంచుకున్నారు. ఒకరు పండుగలను, ఉపవాస దినాలను లెక్కగట్టేవారు. ఒకరు బిడ్డలకు జ్ఞానస్నానం ఇచ్చేవారు. మరొకరు ఇంటింటికీ కబురు అందించేవారు. గురువు లేనప్పుడు ఎలా పశ్చాత్తాపపడాలో నేర్పే ‘కొంచిరిసాన్’ అనే చిన్న పుస్తకం 1603 నాటిది. దాని చేతిరాత ప్రతులు రహస్యంగా తరతరాలకు అందాయి.

1865 మార్చి 17న ఉరకామి గ్రామస్థులు కొందరు నాగసాకిలో కొత్తగా కట్టిన ఔరా ఆలయానికి వచ్చారు. వారిలో ఒక స్త్రీ ఫ్రెంచి గురువు పెతిజాన్ గారి దగ్గరికి వెళ్ళి, తమ హృదయమూ ఆయన హృదయమూ ఒక్కటేనని మెల్లగా చెప్పి, మరియమాత స్వరూపం ఎక్కడ ఉందని అడిగింది. ఆ తరువాత కూడా వేలమంది ఉరకామి విశ్వాసులు సొంత ఊరి నుండి బహిష్కారం వంటి శిక్షలు అనుభవించారు. నిషేధం 1873లో గాని తొలగలేదు.

శ్రీసభ బోధ

దేవుడు రక్షణను సంస్కారాల ద్వారా ఇవ్వాలని నిర్ణయించాడు. కానీ ఆయన వాటికి బందీ కాడు. ఇది సత్యోపదేశం చెప్పే మాట. దీని నుండి కొన్ని ఆచరణలు వస్తాయి.

జ్ఞానస్నానం: ప్రాణాపాయంలో గురువు దొరకకపోతే ఎవరైనా ఇవ్వవచ్చు. శ్రీసభ ఉద్దేశంతో, తలపై నీరు పోస్తూ, పిత పుత్ర పవిత్రాత్మ నామమున జ్ఞానస్నానం ఇస్తున్నానని చెప్పాలి. ఈ విధానం ప్రతి ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి.

పాపసంకీర్తనం: శిక్షకు భయపడి కాక, దేవుని మీది ప్రేమతో పాపానికి దుఃఖించడమే ఉత్తమ పశ్చాత్తాపం. వీలైన వెంటనే పాపసంకీర్తనం చేస్తానన్న గట్టి నిర్ణయం దానితో ఉంటే, చావైన పాపాలు కూడా క్షమించబడతాయి. 2020లో కరోనా వేళ రోము ఈ బోధనే తిరిగి గుర్తుచేసింది. అయితే ఫోనులో పాపసంకీర్తనం చెల్లదు.

సత్ప్రసాదం: పూజకు వెళ్ళలేనివారు ప్రభువును హృదయంలోకి ఆహ్వానించడమే ఆధ్యాత్మిక సత్ప్రసాద స్వీకారం. ట్రెంటు మహాసభ దీనిని గుర్తించింది. పునీత అల్ఫోన్సు లిగోరి గారు దీనికి ప్రార్థన రాశారు.

ఆదివారం: గురువు రాలేకపోతే వాక్యారాధనలో పాల్గొనాలని, లేదా కుటుంబంగా, కొన్ని కుటుంబాలు కలిసి ప్రార్థించాలని శ్రీసభ చట్టం గట్టిగా కోరుతుంది. ఉపదేశి గారు ఉన్నచోట ఇది సులభం. లేనిచోట ఇంటి పెద్ద సువిశేషం చదివితే చాలు.

హద్దులూ ఉన్నాయి

కొరియాలో శ్రీసభను మొలకెత్తించింది గృహస్థులే. యీ సుంగ్‌హున్ 1784లో బీజింగులో జ్ఞానస్నానం పొంది వచ్చి తోటివారికి ఇచ్చాడు. కొంతకాలానికి వారు తమలో కొందరిని గురువులుగా ఎంచుకొని పూజ కూడా చేశారు. ఇది సరైనదేనా అన్న సందేహం కలిగి బీజింగు మేత్రాణులను అడిగారు. తగదని జవాబు రాగానే మానేశారు. ఆపై గురువు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. ఆకలి తీరకపోయినా దాన్ని చంపుకోలేదు. 1794 చివర ఒక చైనా గురువు సరిహద్దు దాటి వారి దగ్గరికి చేరారు.

మనమూ గుర్తుంచుకోవలసింది ఇదే. టీవీలో పూజ చూడటం మంచం పట్టినవారికి ఓదార్పు. ఆలయం నాలుగడుగుల దూరంలో ఉండి, కాళ్ళు బాగున్నవారికి అది సాకు కాకూడదు.

మరొక్క మాట. మన ఇళ్ళలో రోగికి అభ్యంగనం అనగానే చావు దగ్గర పడిందన్న భయంతో ఆఖరి ఊపిరి దాకా గురువుకు కబురు పెట్టరు. తీరా ఆయన వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఆ సంస్కారం జబ్బుపడినవారి బలం కోసం. రోగి మాట్లాడగలిగినప్పుడే పిలవండి. అప్పటికీ గురువు అందకపోతే, రోగి చెవి దగ్గర నెమ్మదిగా పశ్చాత్తాప జపం చెప్పించండి, చేతిలో సిలువ ఉంచండి, జపమాల చెప్పండి. గురువు లేకుండా కన్నుమూసిన మీవారిని తలచుకొని కుమిలిపోతున్నవారికి మేము చెప్పేది ఒక్కటే: రెండు శతాబ్దాలు జపానులో బిడ్డలను కాపాడిన తండ్రి ఆ రాత్రి మీ ఇంట్లోనూ ఉన్నాడు. ఆ ఆత్మను ఆయన కరుణకు అప్పగించి, వారికోసం పూజ చెప్పించండి.